ఏడువందల ముప్పై నియమాల విహారం

గుండ్లకమ్మ ఒడ్డున నాగులదిబ్బ మీద ప్రభుత్వం ఒక బౌద్ధ విహారం కట్టింది. అసలు విహారం ఆ దిబ్బ కిందే ఎక్కడో ఉందని తవ్వకాలవాళ్లు చెప్పారు. కానీ అది బయటపడేదాకా ఆర్థిక సంవత్సరం ఆగదు కాబట్టి, పక్కనే కొత్తది కట్టేశారు. స్తూపం కట్టారు, గదులు కట్టారు, బస్సులు తిరగడానికి చోటు కట్టారు. ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దమనిషి కొబ్బరికాయ కొట్టి, చేతులు తుడుచుకుంటూ, "ఇంతకీ భిక్షువులేరయ్యా?" అని అడిగాడు.

అంచనాల్లో భిక్షువులు లేరు. అనుబంధ అంచనాల్లో పెట్టారు. అన్ని దేశాల యాత్రికులూ తృప్తి పడాలని ముగ్గురు భిక్షువుల్ని మూడు సంప్రదాయాల నుంచి పిలిపించారు.

మొదటివాడు రేవత భంతే; భంతే అంటే భిక్షువుల్ని గౌరవంగా పిలిచే మాట. చీరాల దగ్గర హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి, ఉద్యోగ విరమణయ్యాక శ్రీలంక వెళ్లి కాషాయం కట్టినవాడు. డెబ్బై దాటాయి, షుగరుంది, నడక మాత్రం ఇప్పటికీ కవాతే. రెండోవాడు లోబ్సాంగ్, కర్ణాటకలోని టిబెటన్ల శిబిరం నుంచి వచ్చిన కుర్ర భిక్షువు. మూడోవాడు ఫాప్ ఆన్, వియత్నాం మనిషి. ఎక్కువ నవ్వుతాడు, తక్కువ మాట్లాడతాడు. ముగ్గురికీ ఉమ్మడిగా వచ్చిన భాష ఒక్కటీ సరిగ్గా లేదు. అందుకే కాబోలు, ముగ్గురికీ బాగా కుదిరింది.

వీళ్లని చూసుకోవడానికి ఒక ప్రాధికార సంస్థ ఉంది. దాని మేనేజింగ్ డైరెక్టర్ యడవల్లి చక్రపాణి గారు. చాలా ఏళ్లు ఫైళ్లు రాసి రాసి, ఆయనకి నోటి మాట కూడా ఫైలు లాగే వచ్చేది. "టీ తాగారా సార్?" అంటే "తాగడమైనది" అనేవారు.

ముగ్గురు భిక్షువులూ మూడు రకాలుగా చీవరం కట్టుకోవడం చక్రపాణి గారు మొదటి తనిఖీలోనే గమనించారు. ఒక్క సంస్థలో మూడు పద్ధతులుంటే ఆడిట్ అభ్యంతరం వస్తుంది. అందుకని ఆయన బాపట్ల కాలేజీ నుంచి డాక్టర్ దారా విశాఖని డెప్యుటేషన్ మీద రప్పించారు.

"విశాఖలో పుట్టారా?" అని అడిగారు చేరిన రోజున.

"లేదు సార్, బాపట్లలో. విశాఖ బుద్ధుడి కాలంలో ఒక ఉపాసిక పేరు. మా నాన్న పెట్టాడు."

"గమనించడమైనది."

విశాఖ పదేళ్లుగా చదివింది ఒక్క విషయమే. తొలినాటి బౌద్ధ శాఖలు భిక్షువులకి పెట్టిన నియమాలు ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ విడిపోతాయి అని. పాళీలో, చైనీసులో, టిబెటన్‌లో ఉన్న నియమాల్ని పక్కపక్కన పెట్టి చదివిన మనిషి, ఆ నియమాలతో బతుకుతున్న మనుషుల్ని ఒకే కప్పు కింద చూడటం అదే మొదలు. మొదటి వారం ఆమెకి కాళ్లు నేల మీద ఆనలేదు. లోబ్సాంగ్ కింది వస్త్రం కుచ్చిళ్లు పెట్టడం చూసి పుస్తకంలో చదివిన వాక్యం గుర్తు చేసుకునేది. ఫాప్ ఆన్ స్తూపం ముందు చెప్పులు విడిస్తే, అదిగో ఆయన శాఖలో స్తూపం గురించే ఇరవై పైచిలుకు నియమాలున్నాయి కదా అనుకునేది.

"అన్నిట్లోకీ నాకు నచ్చేది ఒకటుందమ్మా," అన్నాడు రేవత భంతే ఒక పొద్దున వరండా ఊడుస్తూ. "ముందుగా ఊహించి పెట్టిన నియమం ఒక్కటి లేదు. ఎవడో ఒకడు ఏదో ఒక తిక్క పని చేస్తాడు. ఊళ్లోవాళ్లు మొత్తుకుంటారు. అప్పుడు పుడుతుంది నియమం. మొదట చేసినవాడికి తప్పు కూడా అంటదు. వాడికి తెలీదుగా, పాపం!"

విశాఖ నివేదిక రాసింది. అందులో తేలిందేమంటే, పెద్ద తప్పుల దగ్గర అన్ని శాఖలూ ఒక్కటే. హత్య చేయకూడదు, దొంగతనం చేయకూడదు, బ్రహ్మచర్యం తప్పకూడదు, లేని మహిమలు ఉన్నాయని చెప్పుకోకూడదు. తేడాలన్నీ చిన్న చిన్న మర్యాదల్లోనే. బట్ట ఎలా కట్టాలి, ముద్ద ఎంత పెట్టుకోవాలి, స్తూపం దగ్గర ఎలా మసలాలి, ఇలాంటివి. కాబట్టి ఎవరి నియమాలు వాళ్లు పాటించుకోవచ్చు, ఇబ్బందేమీ లేదు.

చక్రపాణి గారు నివేదిక ఆసాంతం చూశారు. పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగి, కాలిక్యులేటర్ తీశారు.

"మేడమ్, పాళీ వారివి రెండువందల ఇరవై ఏడు. చైనా, వియత్నాం వైపు వారివి రెండువందల యాభై. టిబెట్ వారివి రెండువందల యాభై మూడు. మొత్తం ఎంతయినట్లు?"

"కలపకూడదు సార్. చాలావరకు అవే నియమాలు. ఒక్కో శాఖలో మళ్లీ మళ్లీ..."

"ఏడువందల ముప్పై!" ఆయన కళ్లు చెమర్చాయి. "రోజుకి రెండు చొప్పున ఏడాదికి సరిగ్గా సరిపోయినవి, మేడమ్! దీన్ని ఏమనవలెను? రెండున్నర వేల ఏళ్లుగా ఎవరూ కూడిక చేసి చూడలేదు!"

"దొంగతనం చేయకూడదనే నియమం మూడుసార్లు వస్తుంది సార్."

"రానివ్వండి. ప్రభుత్వంలో మూడుసార్లు చెప్పనిదే ఏదీ అమలు కాదు."

అలా సమీకృత వినయ నియమావళి పుట్టింది; బౌద్ధంలో వినయమంటే భిక్షువుల నియమాలే. ఏ విషయంలోనైనా మూడు శాఖలకీ తేడా వస్తే, అన్నిట్లోకీ కఠినమైనది అందరికీ వర్తిస్తుంది. ఏ శాఖ ఇచ్చిన సడలింపూ ఎవరికీ వర్తించదు. దీని అమలు కోసం వినయ పర్యవేక్షణాధికారిగా నరహరిశెట్టి గారిని నియమించారు. ఆయన ఆబ్కారీ శాఖలో రిటైరైన మనిషి. సారా బట్టీల మీద దాడులు చేసిన అనుభవం భిక్షువుల దగ్గర పనికొస్తుందని ఆదేశంలో రాశారు.

నరహరిశెట్టి గారు మొదటిరోజే విశాఖని పట్టుకున్నారు. ఆమె రేవత భంతేని పాళీ మాట ఒకటి అడుగుతోంది.

"ఆపండి మేడమ్. స్త్రీకి ఆరు మాటలకి మించి ధర్మం చెప్పకూడదు. తెలిసిన పురుషుడు పక్కన ఉంటే తప్ప. నేను కూర్చుంటాను."

"మీకేం తెలుసండీ?" అంది విశాఖ.

"పురుషుణ్ణని తెలుసు," అని కుర్చీ లాక్కున్నారు.

ఇంతవరకూ నవ్వుకోదగ్గ సంగతే. నవ్వు పోయింది అన్నం దగ్గర.

భిక్షువులు రోజూ పొద్దున్నే పక్కనున్న పల్లెకి భిక్షకి వెళ్లేవారు. మొదటి ఇల్లు మార్తమ్మది. మొగుడు పోయాక పొగాకు గ్రేడింగుకి, అంటే ఆకులు ఏరే కూలికి, పోయి పిల్లల్ని పెంచిన మనిషి. ఆదివారం చర్చిలో పాటకి ఆమె గొంతే ముందు లేస్తుంది. ముగ్గురు గుండు సాములు గిన్నెలు పట్టుకుని మాట్లాడకుండా నిలబడితే మొదటిరోజు హడలిపోయింది. రెండోరోజు అన్నం, గోంగూర పప్పు పెట్టింది. మూడోరోజు నుంచి వాళ్లు రాకపోతే ఆమెకి తోచేది కాదు. రేవత భంతే షుగరు సంగతి తెలిశాక ఆయన వరకు జొన్నన్నం విడిగా వండేది.

నియమావళి ప్రకారం భిక్ష భిక్షువులకి అందాలి. కానీ ఎవరు ఇస్తున్నారు, ఏ నాణ్యతలో ఇస్తున్నారు, ఎంపిక ఎలా జరిగింది? ఆర్థిక విభాగం ఈ మూడు ప్రశ్నలూ అడిగింది. చక్రపాణి గారు భిక్షా సరఫరాకి టెండర్ పిలిచారు. అందరికంటే తక్కువ కోట్ చేసిన ఒంగోలు కేటరింగ్ వాళ్లకి పని దక్కింది. మార్తమ్మ ఇచ్చేది అనధికార సరఫరా అయిపోయింది. భిక్షువుల్ని పల్లెకి పోనివ్వలేదు; ఆమె గిన్నె తెస్తే గేటు దగ్గర ఆపేశారు.

"ఏందయ్యా ఇది? ముద్ద పెట్టటానిక్కూడా టెండరా?" అని గేటు కాడ గొడవ చేసింది మార్తమ్మ. "మా ఏసయ్య అయిదు వేలమందికి పెట్టాడు. ఏ టెండరేశాడంట?"

"ఆ కాలంలో నిబంధనలు లేవమ్మా," అన్నారు నరహరిశెట్టి గారు శాంతంగా.

కేటరింగ్ వ్యాను హాస్టళ్లన్నీ తిరిగి నాగులదిబ్బకి వచ్చేసరికి పన్నెండు దాటి ముప్పావు గంటయ్యేది. సూర్యుడు నడినెత్తి దాటాక భిక్షువు అన్నం ముట్టకూడదు. టిబెట్ వైపు, వియత్నాం వైపు ఆచరణలో కాస్త సడలింపు ఉంది గానీ, సడలింపులు చెల్లవని నియమావళి తేల్చింది. గిన్నెలు అలాగే వెనక్కి వెళ్లేవి. సరఫరా జరిగినట్టు సంతకం మాత్రం అయ్యేది.

రెండు రోజులు చూసి విశాఖ చక్రపాణి గారి దగ్గరికి పరుగెత్తింది. ఆయన సమస్యని వెంటనే గ్రహించారు. సాయంత్రానికల్లా మెమో వచ్చింది: 'విహార పరిధిలో మధ్యాహ్నము రెండు గంటలను పన్నెండు గంటలుగా పరిగణించవలెను.'

మర్నాడు వ్యాను ఒంటిగంటకి వచ్చింది. మెమో ప్రకారం అప్పటికింకా పదకొండే. లోబ్సాంగ్ ఆశగా రేవత భంతే వైపు చూశాడు. భంతే తలెత్తి ఆకాశం వైపు చూశాడు.

"మెమో కాపీ సూర్యుడికి ఇంకా అందినట్టు లేదమ్మా," అని గిన్నె బోర్లించాడు.

ఆయన తినలేదు కాబట్టి లోబ్సాంగ్ తినలేదు. లోబ్సాంగ్ తినలేదు కాబట్టి ఫాప్ ఆన్ నవ్వుతూనే తన గిన్నె కూడా బోర్లించాడు. ఆ తర్వాత పొద్దున్నే కార్యాలయం ఇచ్చే మేరీ బిస్కెట్లూ, టీ, అప్పుడప్పుడూ వ్యాను తొందరగా వచ్చిన రోజు నాలుగు ముద్దలూ, అదే వాళ్ల ఆహారం.

"వెళ్లిపోండి భంతే," అంది విశాఖ. ఆ మాటన్నప్పుడు నరహరిశెట్టి గారు పక్కనే కుర్చీలో కునుకు తీస్తున్నారు. "తిండి దొరక్కపోతే వర్షావాసం మధ్యలో వదలొచ్చని మూడు శాఖల్లోనూ ఉంది."

"ఉందమ్మా. తిండి లేకపోతే వెళ్లొచ్చు. ఇక్కడ తిండి లేకపోవడమేంది? గేటు బయట జొన్నన్నం ఉంది, గేటు లోపల ఆకలుంది. మధ్యలో ఒక గొళ్లెం." ఆయన చేతులు సన్నగా వణుకుతున్నాయి. "వానాకాలం మూడు నెలలు ఇక్కడే ఉంటామని మాటనుకున్నాం. ఆఫీసుతో కాదు, మాలో మేం. చూద్దాం."

విశాఖ బెల్లంముక్క తెచ్చింది. జబ్బు చేసిన భిక్షువు మధ్యాహ్నం దాటాక కూడా బెల్లం తీసుకోవచ్చు, దానికి ఏ శాఖా అడ్డు చెప్పదు. నరహరిశెట్టి గారు కునుకులోంచి లేచి, జబ్బు అని సివిల్ సర్జన్ సర్టిఫికెట్ కావాలన్నారు. విశాఖ ఆయన వంక చూసి, ఆ ముక్క భంతే చేతిలో పెట్టేసింది. ఆమె జీతంలో ఒకరోజు కోశారు.

ఈలోగా నియమావళి పెరిగింది. భిక్షువులు కర్మలు, అంటే సంఘ కార్యాలు, జరుపుకోవడానికి ఒక సీమ, అంటే హద్దు, గీసుకోవాలని విశాఖ నివేదికలో ఒక పేరా ఉంది. కొండ, రాయి, పుట్ట, నది లాంటి గుర్తులతో గీసుకోవచ్చు. సీమలో ఉన్నవాళ్లంతా ఆ కర్మకి కట్టుబడాలి. చక్రపాణి గారికి ఆ పేరా ఎంతో నచ్చింది. గుండ్లకమ్మ నుంచి చీమలపుట్ట దాకా, చీమలపుట్ట నుంచి ట్రాన్స్‌ఫార్మర్ దాకా సీమ గీయించి, అందులో ఉన్న సిబ్బంది అంతటికీ నియమావళి వర్తింపజేశారు. సీమ ఆయన గది దగ్గరికి వచ్చి, వంపు తిరిగి, ఏసీ మిషన్ వెనకనుంచి వెళ్లిపోయింది.

భిక్షువు నేల తవ్వకూడదు. కాబట్టి తవ్వకాలు ఆగిపోయాయి, పాత విహారం మళ్లీ మట్టిలోనే ఉండిపోయింది. భిక్షువు మొక్కని తుంచకూడదు. కాబట్టి తోటమాలికి పని పోయి, జీతం మిగిలింది. భిక్షువు డబ్బు ముట్టకూడదు. కాబట్టి టికెట్లమ్మే ఆమె చేతులు కట్టుకుని కూర్చుంటే, యాత్రికులే డబ్బు బల్ల మీద పెట్టి చిల్లర తామే తీసుకునేవారు. మధ్యాహ్నం తర్వాత క్యాంటీన్ మూసేశారు. గుమాస్తాలు పునుగుల పొట్లాలు చొక్కాల్లో దాచుకుని స్తూపం వెనక చేరి తింటుంటే, స్తూపం నీడలో తినడం ఇంకో నియమం ప్రకారం తప్పని నరహరిశెట్టి గారు దాడి చేశారు. చాలా కాలం తర్వాత ఆయన మొహంలో కళ వచ్చింది.

వర్షావాసం ఆఖరి రోజు దగ్గరపడింది. ఆ రోజున భిక్షువులు ఒకరి ముందు ఒకరు చేతులు జోడించి, 'నాలో తప్పేదైనా మీరు చూసినా, విన్నా, అనుమానించినా దయతో చెప్పండి' అని అడగాలి. అది ఏ శాఖలోనైనా ఉన్నదే. సరిగ్గా ఆ రోజే పై నుంచి పరిశీలక బృందం వస్తోంది. ఇంత మంచి కార్యక్రమాన్ని భిక్షువులకి వదిలేయడం చక్రపాణి గారికి మనస్కరించలేదు.

"అధిపతి హోదాలో ప్రథమంగా మేమే పఠించుట సముచితము," అన్నారు. "ఎవరూ మాట్లాడకపోతే పరిశుద్ధి జరిగినట్లే కదా, మేడమ్?"

"అవును సార్. మౌనమే సమ్మతి."

"మన సిబ్బంది ఎలాగూ మాట్లాడరు."

ఆ పొద్దున షామియానా వేశారు. సిబ్బందిని వరసగా కూర్చోబెట్టారు. ముగ్గురు భిక్షువులూ ముందు వరసలో ఉన్నారు. రేవత భంతే వీపు నిటారుగానే ఉంది గానీ, మొహం చెమటతో తడిసిపోతోంది. గేటు బయట మార్తమ్మ కొంగు కప్పిన గిన్నెతో నిలబడి ఉంది. రోజూ అలాగే నిలబడి, రోజూ అలాగే వెళ్లిపోతోంది.

చక్రపాణి గారు ఆ రోజు మొట్టమొదటిసారి సీమ లోపల అడుగుపెట్టారు. మైకు ముందు చేతులు జోడించారు.

"మాలో లోపమేదైనా చూచినయెడల, వినినయెడల, అనుమానించినయెడల తెలియజేయగలరు."

నిశ్శబ్దం. రెండోసారి అడిగారు. టికెట్లమ్మే ఆమె నేల చూసింది. మూడోసారి అడిగారు. ఆయన గొంతులో తృప్తి వినిపించింది. పరిశీలక బృందంలో ఒకాయన చప్పట్లకి చేతులెత్తాడు.

అంతలో రేవత భంతే ముందుకి ఒరిగాడు. లోబ్సాంగ్ భుజం అడ్డం పెట్టాడు.

విశాఖ లేచి నిలబడింది. 

"చూశాను," అంది. "విన్నాను. అనుమానమేం లేదు."

చక్రపాణి గారు మైకు మూశారు. "మేడమ్, మీరు భిక్షువు కారు."

"సీమలో ఉన్న ప్రతి ఉద్యోగీ నియమావళి ప్రకారం భిక్షువుతో సమానమని మీ ఉత్తర్వే సార్. అడిగింది మీరు. చెప్పకపోతే నాకు దోషం." ఆమె బృందం వైపు తిరిగింది. "ఇక్కడ షుగరున్న పెద్దాయన ఆకలితో పడిపోతున్నాడు. ఆయనకి అన్నం పెట్టే మనిషి ఆ గేటు బయట నిలబడి ఉంది. మూడు శాఖల పుస్తకాలూ నేను చదివాను. ఆకలిగొన్నవాడికీ అన్నానికీ మధ్య గొళ్లెం పెట్టమని ఒక్కదాంట్లోనూ లేదు. ఈ నియమావళి బుద్ధుడిది కాదు, ఏ శాఖదీ కాదు. మనది!"

గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరి ఆజ్ఞ కోసమూ చూడలేదు. గొళ్లెం తీశాడు. మార్తమ్మ షామియానా మధ్యలోంచి గబగబా నడిచి వచ్చింది. సూర్యుడు ఇంకా తూర్పు వైపునే ఉన్నాడు.

"తిను సామీ. పొద్దు నెత్తి మీదికి రాలా. మాట్లాడబాక, తిను."

రేవత భంతే గిన్నె పట్టుకోలేకపోతే ఫాప్ ఆన్ పట్టుకున్నాడు. భంతే రెండు ముద్దలు మింగి కళ్లు తెరిచాడు. నరహరిశెట్టి గారు చుట్టూ గుమాస్తాల మొహాలు చూసి, కుర్చీ వెనక్కి జరుపుకున్నారు.

పరిశీలక బృందం నాయకుడు చక్రపాణి గారి చెవి దగ్గరికి వంగాడు. "ఇది కార్యక్రమంలో భాగమేనా?"

చక్రపాణి గారు ఒక్క రెప్పపాటు ఆలోచించారు.

"ప్రత్యక్ష ప్రదర్శన సార్. స్థానికుల భాగస్వామ్యంతో."

"అద్భుతం!" అని బృందం రాసుకుంది.

మర్నాడు వర్షావాసం ముగిసింది. ముగ్గురు భిక్షువులూ గిన్నెలు తీసుకుని, ఎవరికీ ఫిర్యాదు చేయకుండా, గేటు దాటి వెళ్లిపోయారు.

విశాఖ మీద విచారణ మొదలైంది గానీ పూర్తి కాలేదు. విచారణ జరిగితే మిగతావన్నీ బయటికొస్తాయి. ఏం చేయాలో తెలియక చక్రపాణి గారు మళ్లీ ఆమె నివేదికే తెరిచారు. సంఘంలో తగాదాలు తీర్చడానికి ఏడు పద్ధతులున్నాయి, అవి అన్ని శాఖల్లోనూ ఒకటే. ఆఖరిది గడ్డి కప్పడం. ఎవరిది తప్పని తవ్వుకుంటూ పోతే గొడవ ఇంకా ముదిరేట్టుంటే, ఇరుపక్షాలూ ఒప్పుకుని, కంపు కొట్టేదాని మీద గడ్డి కప్పినట్టు దాన్ని అక్కడితో వదిలేస్తారు. చక్రపాణి గారు ఆ పేరా రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఇంతకాలం తాను ఆచరిస్తూ వచ్చినదానికి ఇంత పురాతనమైన ఆధారం ఉందని ఆయనకి తెలీదు. వెంటనే గడ్డికి టెండర్ పిలిచారు. మొక్క తుంచడం నిషేధం కాబట్టి ప్లాస్టిక్ గడ్డి తెప్పించారు. తవ్వకాల గోతుల మీదుగా, స్తూపం చుట్టూ, గేటు దాకా పరిచారు. విశాఖ డెప్యుటేషన్ రద్దయింది.

ఆ త్రైమాసికంలో నాగులదిబ్బ విహారంలో ఒక్క నియమ ఉల్లంఘన కూడా నమోదు కాలేదు. అకాల భోజనం లేదు, డబ్బు ముట్టుకోవడం లేదు, చీవరం తప్పుగా కట్టుకోవడం లేదు. ఏడువందల ముప్పై నియమాలూ నూటికి నూరు శాతం అమలవుతున్న ఏకైక విహారంగా దానికి పురస్కారం వచ్చింది. ప్రశంసాపత్రం అందుకుంటూ చక్రపాణి గారు, భిక్షువులు లేకపోవడం వల్ల సాధ్యమైన ఈ క్రమశిక్షణని మిగతా విహారాలకి కూడా విస్తరింపజేయాలని కోరారు. ఆ ప్రతిపాదన పరిశీలనలో ఉంది.

విశాఖ కాలేజీలో మళ్లీ చేరాక, ఒక సెలవురోజు బస్సెక్కి మార్తమ్మ పల్లెకి వెళ్లింది. భిక్షువులు ముగ్గురూ ఊరి చివర వాడకంలో లేని పొగాకు బ్యారన్‌లో, అంటే ఆకు ఆరబెట్టే కొట్టంలో, ఉంటున్నారు. ఒక మూల శ్రీలంక బుద్ధుడి పటం, ఒక మూల టిబెట్ జెండాలు, ఒక మూల వియత్నాం అగరొత్తులు. పక్షానికోసారి ఎవరి నియమాలు వాళ్లు ఎవరి మూలన వాళ్లు చదువుకుంటారట. రేవత భంతే చెంపల్లో కాస్త కండ పట్టింది.

భోజనాలయ్యాయి. మార్తమ్మ విశాఖకి కూడా వడ్డించింది.

"ఇక్కడ ఏ శాఖ నియమాలు నడుస్తున్నాయి భంతే?" అని అడిగింది విశాఖ.

"ఇక్కడా?" ఆయన గిన్నె తీసుకుని లేచాడు. "తిన్నాక ఎవరి గిన్నె వాళ్లు కడుక్కోవాలి. దాని మీద మూడు శాఖలకీ పేచీ లేదమ్మా."

ముగ్గురూ కుళాయి దగ్గరికి వెళ్లారు. లోబ్సాంగ్ గిన్నె గబగబా రెండు తిప్పులు తిప్పి ఎండలో బోర్లించాడు. ఫాప్ ఆన్ దాన్ని తీసి లోపలికి తొంగి చూసి, నవ్వుతూ మళ్లీ కడిగాడు.